పదునున్నప్పుడే కలుపు తీయాలి

మొదటి ఖుత్బా

సర్వస్తోత్రాలకు అర్హుడు అల్లాహ్ మాత్రమే. ఆకాశం నుండి వర్షాన్ని కురిపించి, ఎండిన నేలకు ప్రాణం పోసేవాడు ఆయనే. ఆయననే మనం స్తుతిస్తున్నాం, ఆయన సహాయాన్నే కోరుతున్నాం, ఆయన మన్నింపునే వేడుకుంటున్నాం. అంతిమ దైవప్రవక్త ముహమ్మద్ (సల్లల్లాహు అలైహి వసల్లం) వారిపైనా, వారి కుటుంబంపైనా, సహచరులందరిపైనా అల్లాహ్ కారుణ్యం, శాంతి వర్షించుగాక!

ప్రియమైన ధార్మిక సోదరులారా! అల్లాహ్ పట్ల భయభక్తులు కలిగి ఉండండి. మనం చేసే పని చిన్నదైనా పెద్దదైనా ఆయన దృష్టిని దాటిపోదన్న ఎరుకతో జీవించండి.

నైరుతి ఋతుపవనాలు వెనుదిరిగాయి. ఈశాన్య ఋతుపవనాలు మన కోస్తా తీరాన్ని తాకాయి. చిత్త, స్వాతి కార్తెల వానలతో చెరువులు నిండుతున్నాయి, పొలాలు పచ్చబడుతున్నాయి. ఇది అల్లాహ్ కారుణ్యం. వాన కురిసినప్పుడు దైవప్రవక్త (స.అ.సం) తమ వస్త్రాన్ని కొంత తొలగించి, ఆ చినుకులను శరీరంపై పడనిచ్చేవారని హదీసు గ్రంథాలు తెలియజేస్తున్నాయి. అది అప్పుడే తమ ప్రభువు వద్ద నుండి వచ్చిందని వారు కారణం చెప్పారు. అదే వాన మితిమీరి ఇళ్లు కూలే స్థితి వచ్చినప్పుడు, దాన్ని ఊరి చుట్టుపక్కలకు, గుట్టలపైకి, లోయలలోకి మళ్లించమని వారే ప్రార్థించారు. వర్షం వరమే. అయితే ఆ వరం తెచ్చిపెట్టే బాధ్యతలు కూడా ఉంటాయి.

ఈ వానలు మన మసీదు పెరటికీ, దాని వెనుకనున్న ఖబరస్తాన్‌కూ అటువంటి బాధ్యతనే తెచ్చాయి. గోరింట పొదల మొదట్లో తుంగ లేచింది. వుజూ ఖానా నుండి వెళ్లే కాలువ గట్టున గలిజేరు అల్లుకుంది. ఖబరస్తాన్ దారిలో వయ్యారిభామ నడుము ఎత్తుకు పెరిగింది. గత వారం జనాజాను మోసుకెళ్లినవారు ఆ మొక్కలను తొక్కుకుంటూ, ముళ్లు గుచ్చుకుంటూ నడవవలసి వచ్చింది. కనుక ఈ ఆదివారం ఫజ్ర్ నమాజు తరువాత అందరం కలిసి కలుపు తీయాలని జమాఅత్ పెద్దలు నిర్ణయించారు. ఆ నిర్ణయం తెలిసిన నాటి నుండి మా వద్దకు మూడు ప్రశ్నలు వచ్చాయి. మూడూ సమంజసమైనవే. వాటికి ఈ మింబర్ నుండి సమాధానం చెప్పడం మా కర్తవ్యం.

మొదటి ప్రశ్న: ఖబర్ల మీది పచ్చగడ్డిని పీకవచ్చునా?

ఈ ప్రశ్నకు మూలం ఒక ప్రసిద్ధ హదీసులో ఉంది. దైవప్రవక్త (స.అ.సం) రెండు సమాధుల పక్కగా వెళుతూ, వాటిలోని వారికి శిక్ష పడుతున్నదని తెలియజేశారు. ఒకరు మూత్రపు తుంపరల విషయంలో శుభ్రత పాటించనివారు, మరొకరు చాడీలు చెబుతూ తిరిగినవారు. వారు ఒక పచ్చి ఖర్జూరపు మట్టను తెప్పించి, రెండుగా చీల్చి, ఒక్కొక్క ఖబర్‌పై ఒక్కొక్కటి నాటారు. అవి ఎండిపోనంత వరకు ఆ ఇద్దరికీ శిక్ష తగ్గవచ్చునన్న ఆశను వ్యక్తం చేశారు. ఇది దైవప్రవక్తకు మాత్రమే ప్రత్యేకమైన విషయమని కొందరు పండితులు అన్నారు. మన హనఫీ ధర్మవేత్తలు మాత్రం దీని నుండి ఒక సున్నితమైన నియమాన్ని గ్రహించారు. పచ్చని మొక్క అల్లాహ్‌ను కీర్తిస్తూ ఉంటుంది గనుక, ఖబరస్తాన్‌లోని పచ్చిగడ్డిని నిష్కారణంగా కోయడం మక్రూహ్ అనీ, ఎండిన గడ్డిని తొలగించడంలో దోషం లేదనీ వారు వ్రాశారు.

నిష్కారణంగా అన్న మాటను గమనించండి. మన ధర్మమే మరొక చోట, విశ్వాసానికి అనేక శాఖలున్నాయనీ, దారిలోని హానికరమైన వస్తువును తొలగించడం కూడా వాటిలో ఒకటనీ బోధించింది. బాటలో అడ్డుగా ఉన్న ముళ్లకొమ్మను తీసివేసిన ఒక మనిషిని అల్లాహ్ మన్నించాడని కూడా హదీసులో ఉంది. కనుక ఈ రెండు బోధనలనూ కలిపి చూస్తే మన పని స్పష్టమవుతుంది. ఖబర్ పైన పరచుకున్న గరికను, మెత్తని గడ్డిని ముట్టుకోకండి. అది వానకు మట్టి కొట్టుకుపోకుండా కూడా కాపాడుతుంది. దారులలో, ఖబర్ల మధ్య సందులలో మొలిచిన పల్లేరును, ముళ్లతోటకూరను, సర్కారు తుమ్మ మొలకలను, వయ్యారిభామను వేళ్లతో సహా తీసివేయండి. పచ్చగా ఉన్నదంతా కలుపు కాదు. ఏది తీయాలో, ఏది ఉంచాలో తెలుసుకోవడమే కలుపు తీతలో మొదటి విద్య.

వయ్యారిభామ గురించి కొంత చెప్పాలి. దీన్నే కాంగ్రెస్ గడ్డి అని కూడా అంటారు. ఇది మన నేలది కాదు, అమెరికా ఖండాల నుండి వచ్చింది. 1950ల నడుమ పుణె ప్రాంతంలో గుర్తించబడి, తరువాత దేశమంతటా వ్యాపించింది. ఒక్క మొక్క వేలాది విత్తనాలను రాలుస్తుంది. దాని స్పర్శ వలన చర్మంపై దద్దుర్లు, దాని పుప్పొడి వలన ఉబ్బసం కలుగుతాయి. తెల్లని పూలు విచ్చకముందే దాన్ని పీకాలి. ఇప్పటికే పూసిన మొక్కలను ఎరువు గుంటలో వేయకండి, విడిగా గోతిలో పూడ్చండి. చేతులకు తొడుగులు, ముక్కుకు గుడ్డ తప్పనిసరి. ఆయాసం ఉన్న పెద్దలు ఈ పనికి దూరంగా ఉండి, మట్టి సర్దే పనిలోనో, నీళ్లందించే పనిలోనో పాల్గొనండి. మీ పుణ్యంలో లోటు ఉండదు.

మరికొన్ని మర్యాదలు ఉన్నాయి. ఖబర్లను తొక్కకండి, వాటిపై కూర్చోకండి. దైవప్రవక్త (స.అ.సం) దాన్ని ఎంతగా వారించారంటే, ఖబర్‌పై కూర్చోవడం కన్నా నిప్పుకణికపై కూర్చోవడమే మేలన్న భావాన్ని తెలిపారు. వానలకు కుంగి గుంటలు పడిన ఖబర్లపై మట్టి వేసి, జానెడు ఎత్తు వరకు సరిచేయండి. సున్నాలు పూయడం, సిమెంటు కట్టడాలు లేపడం మాత్రం చేయకండి. వాటిని వారు నిషేధించారు. తమ సహచరులైన ఉస్మాన్ బిన్ మజ్ఊన్ (రజి) ఖబర్‌కు గుర్తుగా ఒక రాయిని తెమ్మని దైవప్రవక్త (స.అ.సం) ఒకరిని ఆదేశించారు. ఆయన దాన్ని మోయలేకపోయినప్పుడు, స్వయంగా చేతులపైని వస్త్రాన్ని పైకి మడిచి, ఆ రాయిని తెచ్చి తలవైపున ఉంచారు. గుర్తుకు ఒక రాయి చాలు. ఆ రాయిని మోయడానికి ప్రవక్తే చేతులు మడిచారంటే, బొరిగె పట్టడానికి మనలో ఎవరికీ చిన్నతనం ఉండకూడదు.

రెండవ ప్రశ్న: ఒక డబ్బా కలుపు మందు చల్లితే ఒక్క పూటలో పని తీరిపోతుంది కదా, ఈ శ్రమంతా ఎందుకు?

సోదరులారా! మందు మంచిగడ్డిని, చెడుగడ్డిని వేరుచేయదు. ఖబర్లపై మిగలవలసిన పచ్చదనాన్ని కూడా మాడ్చివేస్తుంది. పైగా వాన మబ్బు కింద చల్లిన మందు నిలిచిన చోట నిలవదు. పల్లం వైపు పారుతుంది. మన ఖబరస్తాన్ పల్లం వుజూ బావి వైపు ఉంది. ఆ బావి నీటితోనే పిల్లలు నోరు పుక్కిలిస్తారు. గ్లైఫోసేట్ వంటి మందు వాడకాన్ని కేంద్ర ప్రభుత్వం 2022లో పెస్ట్ కంట్రోల్ ఆపరేటర్లకే పరిమితం చేసింది. పౌరులుగా ఆ నియమాన్ని పాటించడం మన బాధ్యత. తాను హాని చేయరాదు, హానికి హాని చేయరాదన్నది మన ధర్మశాస్త్రపు మూలసూత్రాలలో ఒకటి.

చేతితో తీయలేనంత పని ఉంటే కూలీలను పిలుద్దాం. ఆదివారం మిగిలిన పనికి సోమవారం పక్క ఊరి నుండి కలుపు తీసే స్త్రీలు వస్తున్నారు. వారిలో ఎక్కువమంది మన మతానికి చెందనివారు. వారి విషయంలో మూడు మాటలు గుర్తుంచుకోండి. చెమట ఆరకముందే కూలివానికి కూలి చెల్లించమన్నది దైవప్రవక్త (స.అ.సం) ఆదేశం. కనుక సాయంత్రం వారు గేటు దాటకముందే డబ్బు వారి చేతిలో ఉండాలి. పని చేయించుకుని కూలి ఎగ్గొట్టినవానికి ప్రళయదినాన తానే ప్రతివాదిగా నిలుస్తానని అల్లాహ్ హెచ్చరించాడు. రెండవది, మధ్యలో వాన వచ్చి పని ఆగినా మాట ఇచ్చిన కూలి తగ్గించకూడదు. వాన కురిపించింది వారు కాదు. మూడవది, వాన వేళ వారిని చెట్టు కింద నిలబెట్టకుండా మదరసా వసారాలో కూర్చోబెట్టి, టీ ఇవ్వాలి. మన తొడుగులు మనకు ఎంత అవసరమో, వారికీ అంతే అవసరం.

మూడవ ప్రశ్న: మా పెద్దల ఖబర్లను మేము శుభ్రం చేసుకుంటాం, తక్కినవి ఎవరివి?

తల్లిదండ్రుల ఖబర్‌ను కనిపెట్టుకోవడం సత్కార్యమే. కానీ దక్షిణపు గోడ వెంట ఉన్న వరుసను చూడండి. 2020, 2021 సంవత్సరాలలో, నలుగురైదుగురి చేతుల మీదుగా, అయినవారి కడసారి చూపుకు కూడా నోచుకోక మట్టిలో చేరినవారు అక్కడ ఉన్నారు. పని కోసం ఉత్తరాది నుండి వచ్చి ఇక్కడే కన్నుమూసినవారు ఉన్నారు. వారి బంధువులు ఏ రాష్ట్రంలో ఉన్నారో మనలో చాలామందికి తెలియదు. ఆ వరుసలోనే కలుపు అందరికన్నా ఎత్తుగా ఉంది.

మదీనాలో ఒక నల్లజాతి స్త్రీ మసీదును ఊడ్చేది. ఒక రాత్రి ఆమె మరణించింది. అంత చిన్న విషయానికి దైవప్రవక్తను నిద్రలేపడం ఎందుకని సహచరులు ఆమెను ఖననం చేశారు. కొన్నాళ్లకు ఆమె కనబడక దైవప్రవక్త (స.అ.సం) అడిగారు. విషయం విని, నాకెందుకు తెలుపలేదని ప్రశ్నించారు. ఆమె ఖబర్ ఎక్కడున్నదో చూపమన్నారు. అక్కడికి వెళ్లి ఆమె కోసం జనాజా నమాజు చేశారు. జనులు చిన్నదిగా ఎంచిన మనిషి ఖబర్‌ను వెతుక్కుంటూ సర్వమానవాళికి ప్రవక్త అయినవారు నడిచి వెళ్లారు.

ఎవరూ లేనివారికి జమాఅతే వారసులు. ఖననం మనందరిపై సామూహిక విధి అయినప్పుడు, ఆ ఖననపు గౌరవాన్ని నిలపడం కూడా సామూహిక బాధ్యతే. అందుచేత ఆదివారం పని దక్షిణపు గోడ నుండే ప్రారంభమవుతుంది. అది పూర్తయిన తరువాతే ఎవరి పెద్దల వద్దకు వారు వెళ్లండి.

చివరిగా ఒక మాట. రైతు పదును కోసం ఎదురుచూస్తాడు. నేల ఎండి ఉన్నప్పుడు కలుపును లాగితే మొక్క మెడ తెగుతుంది, వేరు లోపలే ఉంటుంది. నేల బురదగా ఉన్నప్పుడు దిగితే తొక్కిడికి మట్టి గట్టిపడుతుంది. వాన వెలిసి, నీరు ఇంకి, మట్టి మెత్తగా ఉన్న ఒకటి రెండు రోజులలోనే మొక్క వేరుతో సహా చేతికి వస్తుంది. తుంగ అయితే పైన పీకినా కింద గడ్డ నుండి మళ్లీ లేస్తుంది. దాన్ని తవ్వి గడ్డలను ఏరాలి. పీకిన కలుపును అక్కడే పడవేస్తే తడికి మళ్లీ వేళ్లూనుతుంది.

హృదయానికి కూడా పదును ఉంటుంది. ఒక జనాజా వెంట నడిచినప్పుడు, ఒక తాజా ఖబర్‌పై మూడు దోసిళ్ల మట్టి వేసినప్పుడు మన మనసు మెత్తబడుతుంది. అసూయ, తోబుట్టువుతో ఏళ్ల తరబడి మాట్లాడని పంతం, అన్యాయంగా అట్టిపెట్టుకున్న వాటా, ఇవన్నీ ఆ క్షణంలో కదులుతాయి. ఆ పదునులోనే వాటిని వేరుతో తీయాలి. ఇంటికి చేరి, చేతులు కడుక్కునే సరికి నేల మళ్లీ గట్టిపడుతుంది. తౌబాను రేపటికి వాయిదా వేసేవాడు ఎండిన నేలలో కలుపు లాగేవానితో సమానుడు.

ఈ మాటలు చెప్పి, నా కొరకు, మీ కొరకు, సమస్త ముస్లింల కొరకు అల్లాహ్ మన్నింపును వేడుకుంటున్నాను. మీరూ వేడుకోండి. నిశ్చయంగా ఆయన క్షమాశీలుడు, కరుణామయుడు.

రెండవ ఖుత్బా

సర్వస్తోత్రాలు అల్లాహ్‌కే. ఆయన దాసుడూ ప్రవక్తా అయిన ముహమ్మద్ (స.అ.సం) పై దరూద్, సలాం.

సోదరులారా! పరిశుభ్రత విశ్వాసంలో భాగం. శుక్రవారం స్నానం చేసి, శుభ్రమైన వస్త్రాలు ధరించి, సువాసన పూసుకుని మసీదుకు వస్తాం. మన రాష్ట్రంలో ఆరోగ్య శాఖ సిబ్బంది కూడా శుక్రవారాన్నే డ్రై డేగా పాటించమని కోరుతూ ఉంటారు. డెంగీ దోమ నిలిచిన మంచినీటిలోనే గుడ్లు పెడుతుంది. గుడ్డు దోమగా మారడానికి వారం పది రోజులు చాలు. కనుక వారానికొకసారి ఆ నీటిని పారబోస్తే దాని జీవచక్రం తెగిపోతుంది. జుమా నమాజు నుండి ఇంటికి వెళ్లగానే కొబ్బరి చిప్పలు, పూలకుండీల పళ్లేలు, పాత టైర్లు, కూలర్ తొట్లు బోర్లించండి. ఈ మాటను ఇంట్లోని స్త్రీలకు, పిల్లలకు కూడా చేరవేయండి. పొదలలో చేయి పెట్టేముందు కర్రతో కదిలించి చూడండి. ఎవరినైనా పాము కరిస్తే మంత్రాల కోసం, పసర్ల కోసం కాలం వృథా చేయక, వెంటనే ప్రభుత్వాసుపత్రికి తీసుకువెళ్లండి. ప్రాణాన్ని కాపాడుకోవడం ధర్మమే.

ఆదివారం వచ్చేవారు పారలు, కొడవళ్లు, బొరిగెలు వెంట తెచ్చుకోండి. ఖబరస్తాన్‌లో అడుగుపెట్టగానే అక్కడివారికి సలాం చెప్పండి. మనం కూడా అల్లాహ్ కోరినప్పుడు వారిని చేరుకునేవారమే. ఈనాడు మనం శుభ్రం చేస్తున్న నేలలోనే రేపు మన స్థలం ఉంది. అప్పుడు మన దారిలోని ముళ్లు తీసేవారు నేడు మన పక్కన బొరిగె పట్టి నేర్చుకుంటున్న పిల్లలే. వారిని కూడా వెంట తీసుకురండి.

ఓ అల్లాహ్! ఈ వర్షాన్ని మాకు మేలు చేసే వర్షంగా చేయుము. పంటలను, పశువులను, పూరిళ్లలో తలదాచుకున్న పేదలను వరదల నుండి కాపాడుము. మా మృతులను, ముఖ్యంగా వారి కొరకు దుఆ చేసేవారెవరూ లేని మృతులను మన్నించుము. వారి ఖబర్లను వెలుగుతో నింపుము. మా హృదయాలను మెత్తన చేసి, వాటిలోని ద్వేషాన్ని వేళ్లతో సహా తొలగించుము. మా దేశంలో శాంతిని, పొరుగువారితో మాకు సఖ్యతను ప్రసాదించుము. ఆమీన్.

అల్లాహ్ దాసులారా! న్యాయాన్ని, ఉపకారాన్ని, బంధువుల హక్కును అల్లాహ్ విధించాడని మరువకండి. ఆయనను స్మరించండి. నమాజుకు లేవండి, వరుసలను సరిచేసుకోండి.