పాత గడియారములు, పాత కొయ్య సామాను: రక్షణ, అమ్మకము

(దిల్‌సుఖ్‌నగర్, ఎల్.బి.నగర్ ప్రాంత సంఘముల ఉమ్మడి కూడికలో చేసిన ప్రసంగ పాఠము)



శతాబ్ది ఉత్సవముల పేరిట మన మందిరములకు సున్నములు, రంగులు వేయించుచున్నారు. సంతోషమే. కాని ఆ పనితోబాటు మా దుకాణమునకు కబుర్లు కూడా వచ్చుచున్నవి: “పాత బల్లలున్నవి, ఆగిపోయిన గోడ గడియారమున్నది, వచ్చి ధర చెప్పండి” అని. మేము పాత సామాను బాగుచేసి అమ్ముకొని బ్రదుకువారము. అమ్మవద్దని చెప్పుటలో మాకు లాభమేమియు లేదు. అయినను ఈ పూట చెప్పబోవునది చాలవరకు అదే.

మా అంగడికి సరకు ఎక్కడిదని చాలమంది అడుగుచుందురు. కొంత పాతబస్తీ దేవిడీలు కూల్చినప్పుడు జుమ్మెరాత్ బజారుకు, ముర్గీచౌకుకు చేరిన సామాను. ఎక్కువ భాగము మాత్రము మన చుట్టుప్రక్కల ఇండ్లదే. విజయవాడ రోడ్డుకు ఇరువైపుల పెరడున్న ఇండ్లు పోయి అపార్టుమెంట్లు లేచినవి. 2018 సెప్టెంబరులో అమీర్‌పేట నుండి ఎల్.బి.నగర్ వరకు మెట్రో రైలు వచ్చిన తరువాత ఆ వేగము హెచ్చినది. ఏడడుగుల నిలువు గడియారము, తాతగారి టేకు బీరువా కొత్త ఫ్లాటు మెట్లెక్కవు. బిడ్డలు విదేశములలో ఉందురు. అప్పుడు మమ్ములను పిలుతురు.

గడియారము సంగతి ముందు చెప్పెదము. సాలార్‌జంగ్ మ్యూజియములో కుక్ అండ్ కెల్వీ వారి గడియారమును మీలో చాలమంది చూచియుందురు. గంట కొట్టు వేళకు లోపలినుండి గడ్డపు మనిషి వచ్చి గంట మ్రోగించును. పండ్రెండు గంటలవేళ జనము ఎక్కువ, పండ్రెండు దెబ్బలు వినవచ్చును గదా! అది నడుచుచున్నదంటే దానిని కనిపెట్టుకొని చూచువారున్నారు. మన మందిరపు గడియారమునకు అట్టి మనిషి లేడు, అంతే తేడా. చెడిపోయినదని తెచ్చిన వానిలో అనేకము నిజముగా చెడినవి కావు. గోడకు వంకరగా తగిలించుటచేత లోలకము ఆగును. టిక్కు, టక్కు సమాన ఎడముతో వినబడవలెను. కుంటుచున్నట్లు వినబడినచో పెట్టెను కొద్దిగా అటో ఇటో జరిపిన చాలును.

వేసవిలో వెనుకబడుట రోగము కాదు. ఉక్కు కడ్డీ లోలకము పది డిగ్రీల వేడి పెరిగినచో సాగి, దినమునకు సుమారు 5 సెకనులు, అనగా నెలకు రెండున్నర నిమిషములు తగ్గి నడుచును. గుండు క్రింది మరను కొంచెము పైకి త్రిప్పుడు, సరిపోవును. కొబ్బరినూనె, కుట్టుమిషను నూనె పోయకుడు. నూనె పళ్ళచక్రముల పళ్ళకు అక్కరలేదు. ఇరుసు మొనలు ఆడు బెజ్జములలో గడియారపు నూనె సూదిమొనంత చాలును. ఎక్కువైనచో ధూళితో కలిసి ఆకురాయి వలె ఇత్తడిని తినివేయును. చావి నిండుగా ఉన్న స్ప్రింగును విప్పబోయి వ్రేళ్ళు పోగొట్టుకొనవద్దు. గంటలు కొట్టు గడియారము ముల్లును వెనుకకు త్రిప్పవద్దు. హిజ్కియా కాలమున ఆహాజు గడియారపు నీడ వెనుకకు మళ్ళినది గాని, అది దేవుని పని, మన పని కాదు.

ఇక కొయ్య. పూర్వపు వడ్రంగి కుసి, బెజ్జము కలిపి వజ్రము బంకతో అతికించెను. ఆ బంక వేడికి, తడికి మెత్తబడును. కనుక బల్లను విడదీసి తిరిగి బిగించవచ్చును. నేటివారు కదులుచున్న కాలికి ఇనుప మేకు దించుదురు. మేకు తుప్పుపట్టి టేకును నల్లబరచి చీల్చును. ఆ తరువాత మాచేత కూడా కాదు. లక్కతో చేసిన పాత పాలిషును యంత్రముతో గీకి మెలమైను పూయించుట మరొక ఘోరము. నూరేండ్ల చేతుల స్పర్శచేత వచ్చిన రంగు ఒక మధ్యాహ్నములో పోవును. పొడిగుడ్డతో తుడిచి, సంవత్సరమునకొకసారి పలుచగా తేనెమైనము రుద్దిన చాలును. తెల్లపొడి రాలు సన్నని రంధ్రములు కనబడినచో పురుగు బ్రతికియున్నదని గుర్తు. దానికి మాత్రము ఆలస్యము చేయరాదు.

అమ్మకములో మోసము లేదని మేము చెప్పజాలము. ఒక గడియారపు యంత్రమును మరొకదాని పెట్టెలో బిగించి, ముఖమునకు కొత్త పేరు వ్రాసి అమ్ముదురు. నిన్న చేసిన కుర్చీకి టీ డికాక్షను పూసి నిజాము కాలపుదందురు. మేము ప్రతి వస్తువు చీటీపై ఏది పాతది, ఏది మార్చినది వ్రాసి ఇచ్చెదము. దానివలన కొందరు బేరము తప్పిపోవుట నిజమే.

సంఘములవారు తెలిసికొనవలసిన చట్టమొకటి కలదు. 1972 నాటి ప్రాచీన వస్తువుల, కళానిధుల చట్టము 1976 ఏప్రిల్ 5 నుండి అమలులో ఉన్నది. కళను గాని, చేతిపనిని గాని, మతమును గాని తెలుపు వస్తువు నూరేండ్లది అయినచో అది దాని క్రిందికి రావచ్చును. అట్టివాటి వ్యాపారమునకు లైసెన్సు కావలెను. సొంతముగా విదేశములకు పంపుట నిషిద్ధము. మెదక్ కేథడ్రల్ 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠింపబడినది. ఆనాటి నుండి అక్కడున్న బల్లగాని, కుర్చీగాని 2024తో నూరేండ్లు దాటినట్లే. శతాబ్ది జరుపుకొను మందిరము తన సామాను కూడా ఆ వయస్సుకు వచ్చినదని మరచి తూకమునకు వేయుట ఎంత విచిత్రము!

ఇటీవల ఒక సంఘమువారు, ఊరు చెప్పము, పదునాలుగు టేకు బల్లలు చూపిరి. ఒకదాని వెనుక దాత పేరు, బిడ్డ జ్ఞాపకార్థమని చెక్కియున్నది. ఆ వంశమువారు ఇంకను అదే సంఘములో ఉన్నారు. వారినెవరును అడుగలేదు. మేము ధర చెప్పలేదు, బాగుచేయుటకు ఎంతగునో చెప్పితిమి. అది కొత్త ప్లాస్టిక్ కుర్చీల ఖరీదుకన్న తక్కువే. కమిటీలో రెండు నెలలు వాదన జరిగెను. పదకొండు నిలిచినవి, మూడు చెదలు తిన్నందున వాటి చెక్క మిగిలిన వాటి మరమ్మతుకు వాడితిమి.

కనుక అమ్మవలెనా, ఉంచవలెనా అని తీర్మానించుటకు ముందు ప్రతి వస్తువును ఫోటో తీయించుడు. కొలత, చెక్కిన పేర్లు, ఎవరిచ్చిరో వృద్ధులను అడిగి పుస్తకములో వ్రాయుడు. అమ్మక తప్పదన్నచో సంఘ సభలో చెప్పి, ఒకరికన్న ఎక్కువ వర్తకులను పిలిచి, రసీదుతో అమ్ముడు. మా ఒక్కరినే పిలువవద్దు. మీ మందిరపు గడియారము ఆగియున్నచో కూడిక ముగిసిన తరువాత వెనుక బల్లయొద్ద ఉందుము, వచ్చి చెప్పుడు. చావి పోయినదో ఉన్నదో ముందు చూచుకొని రండి.