దుర్గాబాయమ్మ అడిగిన టికెట్టు
(వార్షిక మహాజన సభలో ఒక గ్రామ సమాఖ్య సభ్యురాలు చేసిన ప్రసంగం)



నేను పదో తరగతి వరకే చదివానండి. మాటల్లో తప్పులుంటే సర్దుకోండి. ఈ రోజు మన రాజమండ్రి ఆడపడుచు దుర్గాబాయి దేశ్‌ముఖ్ గారి గురించి చెప్పమన్నారు. ఆవిడ గురించి చెబుతూ నేను చేసిన ఒక పొరపాటు కూడా చెబుతాను.

దుర్గాబాయమ్మ 1909లో రాజమండ్రిలో పుట్టారు. ఎనిమిదేళ్లకే పెళ్లి చేసేశారు. ఊహ తెలిశాక ఆ కాపురం వద్దనుకున్నారు. పుట్టింటి వాళ్లు ఆవిడ పక్కనే నిలబడ్డారు. చిన్న వయసులోనే ఆడపిల్లలకు హిందీ బడి పెట్టారు.

1923లో కాకినాడలో కాంగ్రెస్ మహాసభలు జరిగాయి. అక్కడ ఖాదీ ప్రదర్శన గేటు దగ్గర వాలంటీరుగా ఈవిడని నిలబెట్టారు. అప్పటికి పద్నాలుగేళ్లు. టికెట్టు లేనిదే ఎవరినీ పంపొద్దని ఆవిడకి చెప్పారు. జవహర్‌లాల్ నెహ్రూ గారు వచ్చారు, చేతిలో టికెట్టు లేదు. ఈ పిల్ల ఆపేసింది! పెద్దలు కంగారుపడినా ఆవిడ కదల్లేదు. చివరికి నిర్వాహకులు టికెట్టు కొని ఇచ్చాక లోపలికి పంపింది.

ఈ కథ మొదటిసారి మా అమ్మాయి నోట విన్నాను. బడిలో మహిళా దినోత్సవానికి ఉపన్యాసం బట్టీపడుతూ గట్టిగా చదువుతోంది. నేను పొయ్యి దగ్గర ఉన్నాను. వింటుంటే నాకు ముందు గర్వం వచ్చింది. ఎందుకో చెబుతాను.

అంతకు కొన్ని నెలల ముందు నేను మా గ్రామ సమాఖ్య కోశాధికారిని. ఒక రోజు పొద్దున్నే ఒక సభ్యురాలు వచ్చింది. భర్త ఆసుపత్రిలో ఉన్నాడు, అర్జెంటుగా యాభై వేలు కావాలంది. తీర్మానం తర్వాత రాసుకుందాం, ముందు చెక్కు ఇచ్చేద్దాం అన్నారు కొందరు. నేను ఒప్పుకోలేదు. "తీర్మానం లేకుండా సంతకం పెట్టను" అని అందరి ముందూ గట్టిగా అనేశాను. ఆమె ఏడుస్తూ వెళ్లిపోయింది. బయట నూటికి ఐదు రూపాయల వడ్డీకి తెచ్చుకుంది. తర్వాత పాలకవర్గం ఎన్నికల్లో నేను అధ్యక్షురాలిగా నిలబడితే ఓడిపోయాను. రెండు మీటింగులకు వెళ్లలేదు. రూలు పాటించినందుకు ఇదా బహుమతి అని ఇంట్లో కూర్చుని కుమిలిపోయాను.

అందుకే మా అమ్మాయి చదువుతుంటే, చూశావా, నేనూ దుర్గాబాయమ్మ లాగే చేశాను అనుకున్నాను. మా అమ్మాయి మాత్రం, "అమ్మా, నెహ్రూ గారు లోపలికి వెళ్లారు కదా" అంది.

ఆ మాట నాకు చెంపదెబ్బలా తగిలిందండి. నిజమే, అక్కడ టికెట్టు కొనే దారి ఉంది, ఆయన ఆ దారిలోనే లోపలికి వెళ్లారు. నేను తలుపు వేసేశానే గానీ దారి చూపించలేదు. ఆ సాయంత్రానికే అత్యవసర మీటింగు పిలిచి ఉంటే అరగంటలో తీర్మానం అయిపోయేది. రూలూ నిలబడేది, ఆమె ఇల్లూ నిలబడేది.

ఆ తర్వాత ఆవిడ గురించి దొరికినంతా చదివాను. ఎక్కడ చూసినా ఆవిడ చేసిన పని ఇదే అనిపించింది.

ఉప్పు సత్యాగ్రహంలో జైలుకి వెళ్లారు. అక్కడ ఆడ ఖైదీలను చూశారు. తమ కేసు ఏమిటో, చట్టం ఏం చెబుతుందో తెలియని అమాయకులు. వాళ్లని చూశాకే లా చదవాలనుకున్నారు. బయటికి వచ్చాక, ఇరవై ఏళ్లు దాటిన వయసులో, బెనారస్ మెట్రిక్ పరీక్షకు కూర్చున్నారు. తర్వాత ఆంధ్రా యూనివర్సిటీలో బీఏ, ఆపైన మద్రాసులో లా. 1942లో ప్లీడరు అయ్యేసరికి ఆవిడకు ముప్పై మూడేళ్లు. నాకు ఇంచుమించు అదే వయసు. "ఇప్పుడు నేనేం చదువుతాను" అనడానికి నాకు నోరు రావడం లేదు.

తాను చదువుతూనే 1937లో మద్రాసులో ఆంధ్ర మహిళా సభ పెట్టారు. మధ్యలో చదువు ఆగిపోయిన ఆడవాళ్లను అక్కడ మెట్రిక్ పరీక్షకు తయారుచేశారు. తనకు దొరికిన దారి పక్కవాళ్లకీ చూపించారు.

1946లో రాజ్యాంగ సభకు మద్రాసు రాష్ట్రం నుంచి సభ్యురాలయ్యారు. అంబేద్కర్ గారి వంటి మహామహుల మధ్య కూర్చుని సవరణలు పెట్టారు. రాజ్యసభకు పోటీ చేయాలంటే ముప్పై అయిదేళ్లు ఉండాలన్న చోట ముప్పై చాలన్నారు. సభ ఒప్పుకుంది. ఈనాటికీ అదే వయసు.

అంత పేరున్న మనిషి 1952లో లోక్‌సభకు నిలబడి ఓడిపోయారు. అక్కా, ఇది చదివినప్పుడు నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆవిడ ఇంట్లో కూర్చోలేదు. ప్రణాళికా సంఘంలో సభ్యత్వం ఇస్తే ఆ పని తీసుకున్నారు. మరుసటి సంవత్సరం, 1953లో, కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డుకు మొదటి అధ్యక్షురాలయ్యారు. మొదటి పంచవర్ష ప్రణాళికలో స్వచ్ఛంద సంస్థల కోసం నాలుగు కోట్ల రూపాయలు పెట్టారు. ఊళ్లలో చిన్న చిన్న సంస్థలు నడిపేవాళ్లకి ఆ డబ్బు అందేలా చూడటం ఈ బోర్డు పని. పల్లెల్లో బాలవాడీలు, బాలింతలకు సాయం, చేతిపనులు నేర్పడం వంటివి ఈ బోర్డు ద్వారా జరిగాయి. 1958 నుంచి, బడి మానేసిన పెద్ద వయసు ఆడవాళ్లు తక్కువ కాలంలో పరీక్ష పాసయ్యే కోర్సులు కూడా పెట్టారు. కుటుంబ తగాదాలకు వేరే కోర్టులు ఉండాలని ముందు నుంచీ అడిగినవాళ్లలో ఆవిడ ఒకరు. 1981లో ఆవిడ కన్నుమూశారు, 1984లో ఆ చట్టం వచ్చింది.

ఇంకో ముచ్చట చెప్పి ముగిస్తాను. 1953లో ఆవిడ ఆర్థిక మంత్రి చింతామణ్ దేశ్‌ముఖ్ గారిని పెళ్లి చేసుకున్నప్పుడు సాక్షి సంతకం పెట్టినవారిలో నెహ్రూ గారు ఉన్నారు. గేటు దగ్గర ఆపినందుకు ఆయన పగ పెట్టుకోలేదు. ఆవిడ ఆపింది తనని కాదు, టికెట్టు లేకపోవడాన్ని అని ఆయనకి తెలుసు.

నేను ఆపిన అక్క కూడా ఇక్కడే కూర్చుని ఉంది. తన అనుమతి అడిగే ఇదంతా చెప్పాను. అక్కా, రూలు చెప్పినందుకు కాదు, అంతటితో వదిలేసినందుకు నీకు క్షమాపణ చెబుతున్నాను.

ఈ సంవత్సరం మా గ్రామ సమాఖ్యలో ఒక తీర్మానం చేసుకున్నాం. ఆసుపత్రి అవసరం అని ఎవరు వచ్చినా ఆ రోజే అత్యవసర మీటింగు పెట్టాలి. వచ్చినవాళ్ల సంతకాలు మినిట్స్ పుస్తకంలో పెట్టించాలి. ఆ తర్వాతే చెక్కు రాయాలి. కావలసిన సభ్యులు రాకపోతే పాలకవర్గం వాళ్లే ఇంటింటికీ వెళ్లి పిలుచుకు రావాలి. తిప్పి పంపడం మాత్రం ఉండకూడదు. మీ సంఘాల్లో కూడా ఇలాంటి తీర్మానం పెట్టుకోమని కోరుతున్నాను.

నాకు పదవి లేదు. కానీ ఆ మొదటి అత్యవసర మీటింగుకి మా వీధిలో అందరినీ పిలుచుకొచ్చింది నేనే. తీర్మానం నలభై నిమిషాల్లో అయిపోయింది.