ముందుగా వెల కట్టిన విందు



నేడు నేను ప్రసంగింపబూనిన విషయము మొదట మన యూళ్లకు దవ్వుగా తోచవచ్చును. అమెరికా దేశమున, ఫ్లోరిడా రాష్ట్రమందు, ఆర్లాండో నగరము చెంత వాల్ట్ డిస్నీ వరల్డ్ అను గొప్ప విహారస్థలము కలదు. 1971వ సంవత్సరము అక్టోబరు 1వ తేదీన అది తెరవబడినది. అందు నేడు నాలుగు పెద్ద వినోదోద్యానములు కలవు. మొదటిది మాజిక్ కింగ్‌డమ్. 1982లో ఎప్‌కాట్, 1989లో నేడు హాలీవుడ్ స్టూడియోస్ అని పిలువబడునది, 1998లో ఏనిమల్ కింగ్‌డమ్ చేరినవి. మన గ్రామములనుండి బిడ్డల యిండ్లకు ఆ దేశము పోయిన పెద్దలు మనుమలతో కూడ అచ్చటికి పోయి వచ్చుట యిప్పుడు వింతకాదు.

ప్రయాణమునకు ముందు ఆ యిండ్లలో ఒక చర్చ పుట్టును. భోజనములకు ముందుగానే రొక్కము కట్టి యేర్పాటు చేసికొందమా, లేక ఆకలియైనప్పుడు కొనుక్కొని తిందమా? అని. నా పూర్వశిష్యుడొకడు తల్లిదండ్రులను, భార్యాబిడ్డలను తీసికొని పోబోవుచు, ఈ లెక్క వేసి పంపుమని నాకు జాబు వ్రాసెను. చిరకాలము బడిలో లెక్కలు చెప్పినవాడను గనుక సంతోషముతో పూనుకొంటిని. వేయగా వేయగా ఇది డాలర్ల లెక్క మాత్రమే కాదని, ఇంటి పెద్దల ఆకలిని గూర్చిన లెక్కయని నాకు తోచినది. అందుచేతనే మీ ముందుంచుచున్నాను.

ముందు ఆ పద్ధతి యెట్టిదో చెప్పెదను. దానిని డిస్నీ డైనింగ్ ప్లాన్ అందురు. 2005వ సంవత్సరమున ఆరంభమై, 2020లో మహమ్మారి కారణమున నిలిచి, 2024 జనవరి 9వ తేదీ నుండి మరల అమలులోనికి వచ్చినది. ఇందు రెండు తరగతులు. మొదటిది క్విక్ సర్వీస్: బల్లవద్ద నిలిచి మనమే తెచ్చుకొనెడి భోజనము. ఒక్కొక్కరికి రాత్రి యొక్కింటికి రెండు భోజనములు, ఒక చిరుతిండి, బసలో మాత్రమే మరల మరల నింపుకొనదగిన ఒక పానీయపు చెంబు లభించును. రెండవ తరగతిలో ఆ రెండు భోజనములలో ఒకటి కూర్చున్న చోటికి వడ్డించి పెట్టునది. 2024లో మొదటి తరగతికి పెద్దలకు రాత్రికి 57 డాలర్ల 1 సెంటు, మూడు మొదలు తొమ్మిదేండ్ల పిల్లలకు 23 డాలర్ల 83 సెంట్లు. రెండవదానికి పెద్దలకు 94 డాలర్ల 28 సెంట్లు, పిల్లలకు 29 డాలర్ల 69 సెంట్లు. ఈ ధరలు ఏటేట మారును గనుక, పోవు యేటి ధర విచారించుకొనవలయును. లెక్కవేయు త్రోవ మాత్రము మారదు.

ఇక నిబంధనలు. డిస్నీవారి బసలో దిగినవారికే ఈ యేర్పాటు దొరకును. వెలుపలి హోటలులో దిగినవారికి లేదు. ఒక గదికి వ్రాయించుకొన్నవారిలో మూడేండ్లు నిండిన ప్రతివారికి తీసికొనవలయును; నాకు వలదనుటకు వీలులేదు. పదియేండ్లు నిండిన పిల్లవానికి పెద్దవారి వెలయే. కొలబద్ద రాత్రులు గాని పగళ్లు కావు. నాలుగు రాత్రులుండువారు అయిదు పగళ్లు తిరిగినను లభించునవి ఎనిమిది భోజనములే. బస విడుచు దినమున అర్ధరాత్రి దాటినచో మిగిలిన భోజనములు చెల్లవు, రొక్కము మరల రాదు. వడ్డించువారికిచ్చు బహుమానము ఇందు చేరదు. ఆరుగురు, అంతకు మించి కూర్చున్న పంక్తికి నూటికి 18 వంతున దానిని బిల్లులోనే చేర్చుదురు.

మన దేశమున పూటకూళ్ల యిండ్లు పూర్వమునుండి యున్నవి. నెలవాడుక కట్టినవాడు రెండుపూటలు తిన్నను, ఒకపూట మానినను ఇల్లాలికి చేరు సొమ్ము ఒక్కటే. మానినవాని ముద్దయే ఆమె లాభము. సముద్రములకావలి వ్యాపారమున కూడ సూత్రమిదియే. 2006లో స్టెఫానో డెల్లావిన్యా, ఉల్రికే మాల్మెండియర్ అను అర్థశాస్త్రజ్ఞులు అమెరికాలోని వ్యాయామశాలల లెక్కలు పరిశీలించి ఒక వ్యాసము ప్రకటించిరి. నెలకు 70 డాలర్లకు మించి కట్టినవారు నెలలో నాలుగైదు సారులు మాత్రమే పోవుటచే, సారికి 17 డాలర్లకు పైగా పడినదట. పది డాలర్ల చీటి కొనుక్కొని పోయియున్నచో వారికి లాభము. మనుజుడు తన వాడుకను ఎక్కువగా ఊహించుకొని ముందుగా కట్టునని దీనివలన తేలుచున్నది.

ఇక మన కుటుంబము లెక్క చూతము. తాత, అవ్వ, కొడుకు, కోడలు, పండ్రెండేండ్ల మనుమడు, ఏడేండ్ల మనుమరాలు, నాలుగు రాత్రులు. క్విక్ సర్వీస్ తీసికొన్నచో అయిదుగురు పెద్దవారి వెల 285 డాలర్ల 5 సెంట్లు, చిన్నదాని వెల 23 డాలర్ల 83 సెంట్లు. రాత్రికి 308 డాలర్ల 88 సెంట్లు. నాలుగు రాత్రులకు 1,235 డాలర్ల 52 సెంట్లు.

ఇదే కుటుంబము విడిగా కొనుక్కొన్నచో? లెక్కకొరకు కొన్ని ధరలు అనుకొందము. శాకాహారము, దానితో పానీయము కలిపి భోజనమునకు 19 డాలర్లు, చిరుతిండికి 7, పానీయపు చెంబునకు దినమునకు 5 పడునందము. కొడుకు, కోడలు, మనుమడు తలకొక 50 చొప్పున దినమునకు 150 డాలర్లు. మనుమరాలికి చిన్న భోజనములు రెండు 18, చిరుతిండి 7, చెంబు 5, మొత్తము 30. తాత, అవ్వ యెంత తిందురు? మధ్యాహ్నము ఒక భోజనము 15 డాలర్లు, సాయంత్రము ఒక చిరుతిండి 6, రాత్రి గదిలో పెరుగన్నము. వారికి తలకు 21, ఇరువురికి 42. అందరికి దినమునకు 222, నాలుగు దినములకు 888 డాలర్లు. ప్లానులో అమ్మకపు పన్ను చేరియుండును గాని విడిగా కొన్నప్పుడు చేరదు గనుక, నూటికి ఆరున్నర చొప్పున 57 డాలర్ల 72 సెంట్లు కూడ కలుపుదము. మొత్తము 945 డాలర్ల 72 సెంట్లు. అనగా ముందుగా కట్టినచో 289 డాలర్ల 80 సెంట్లు ఎక్కువగా పోవుచున్నవి.

ఈ నష్టమెక్కడ పుట్టినది? చిన్నదాని విషయమున పుట్టలేదు. 23 డాలర్ల 83 సెంట్లకు 30 డాలర్ల తిండి వచ్చుచున్నది. యువకులకును నష్టము స్వల్పమే. దాదాపుగా అంతయు ముసలివారిరువురి పేరనే పుట్టినది. 21 డాలర్ల తిండికి 57 కట్టితిమి గదా!

అయినచో ఈ యేర్పాటు ఎవ్వరికిని తగదా? అట్లనరాదు. ఆ ప్లానులో 12 డాలర్ల వంటకమును 20 డాలర్ల వంటకమును ఒక్క చీటికే ఇత్తురు. మాంసాహారులై వెలగల వంటకములే కోరువారికి, ఇరువదియొక్క యేండ్లు నిండి మద్యము సేవించువారికి లాభము రావచ్చును, ఏలయన ఆ పానీయము కూడ భోజనములో చేరును. బొమ్మవేషధారులు పంక్తికి వచ్చి పిల్లలను పలుకరించెడి విందులలో ఒక్క భోజనమే 60 డాలర్లకు మించుటయు కలదు. దినమునకొకటి అట్టిది కోరు కుటుంబమునకు రెండవ తరగతి కలిసివచ్చును. కాని అట్టి చోట్లకు 60 దినముల ముందే స్థలము నిర్ణయించుకొనవలయును. చీటి యున్నంత మాత్రమున కుర్చీ దొరకదు. ప్రతి పూట ధరల పట్టిక చూచి గుండె కొట్టుకొనువారికి ముందుగా కట్టుటవలన మనశ్శాంతి కలుగును. దానికిని కొంత వెల కలదని నేనొప్పుకొందును.

నా శిష్యునకు వ్రాసిన ఉపాయమిది. ఆరుగురకు చౌకగది యొకటి చాలదు; ఎట్లును రెండు గదులు కావలయును. తల్లిదండ్రుల గదిని వేరుగా వ్రాయించి, దానికి ప్లాను తీసికొనవలదు. తక్కిన నలుగురకు తీసికొన్నచో నాలుగు రాత్రులకు 779 డాలర్ల 44 సెంట్లు. విడిగా కొన్నచో పన్నుతో 766 డాలర్ల 80 సెంట్లు. తేడా పదమూడు డాలర్ల లోపు. ఆ మాత్రమునకు సౌకర్యము కోరినను తప్పులేదు, మానినను తప్పులేదు. పెద్దలకు మాత్రము ఇంటినుండి పులిహోరయో, చపాతీలో తీసికొని పోవచ్చును. గాజుపాత్రలు, మద్యము కాక తినుబండారములు ఆ యుద్యానములలోనికి కొనిపోనిత్తురు. క్విక్ సర్వీస్ శాలలలో అడిగినచో చల్లని నీరు ఉచితముగా నిత్తురు. మాంసము, పాలు, గ్రుడ్లు, తేనె లేని వంటకములకు పట్టికలో ఆకు గురుతు వేసియుందురు. నియమముగలవారు అది చూచుకొనవచ్చును.

ఇప్పుడు తోడి పెద్దలతో ఒక మాట. మనకొక అలవాటు కలదు. బిడ్డలు అడిగినప్పుడు “నాకేమియు వలదు, మీ యిష్టము” అందుము. అది మర్యాదయని తలంతుము. వారు మన ఆకలి యెరుగక పూర్తి వెల కట్టుదురు. ఏకాదశినాడు మన మేమియు ముట్టకున్నను ఆ దినపు రెండు భోజనములకు వెల చెల్లియే యుండును. అంతట కొడుకు, “కట్టితిమి గదా, తినుము నాన్నా” అనును. వాని సొమ్ము వృథాయగునని జాలిపడి, మధుమేహముగల తండ్రి వలదన్న తీపిని తినును. చెల్లించిన సొమ్ము తినినను తిరిగి రాదు, తినకున్నను తిరిగి రాదు; తినుటవలన దేహమునకు కీడు మాత్రము అదనముగా వచ్చును. బిడ్డల ప్రేమ, తండ్రి జాలి రెండును మంచివే. రెండును కలిసి రోగమును తెచ్చుచున్నవి. దీనికి మందు ముందుగా నోరు విప్పి చెప్పుటయే. నేను పగలొకపూట తిందును, రాత్రి పెరుగన్నము చాలును, ఫలానా దినము ఉపవాసము అని తేటగా చెప్పుడు. అది బిడ్డలకు భారము కాదు, వారి లెక్కకు సాయము.

బిడ్డలకును ఒక మాట. ధరల పట్టిక చూచుటకు ముందు ఒక కాగితము తీసికొని, ఇంటిలో ఒక్కొక్కరి పేరు వ్రాసి, దానికెదుట వారు నిజముగా తినునది వ్రాయుడు. తినగలరని మీరు తలచునది కాదు. నిన్న, మొన్న ఇంట తినినది. దానికి వెల కట్టి, పన్ను కలిపి, ప్లాను వెలతో పోల్చుడు. రెండును దగ్గరగా నున్నచో సౌకర్యమును చూచుకొనుడు. ఎడమెక్కువగా నున్నచో అంకె చెప్పినట్లు చేయుడు. పెండ్లివారి విడిది భోజనములకును, తీర్థయాత్రల బస్సువారు చెప్పు భోజనసహిత వెలలకును ఈ కాగితమే చాలును.

సెలవు.