బాడీ మీరే కోశారు సరే, నెక్ ఎలా బిగిస్తారు?

పోయిన ఎపిసోడ్‌లో చెక్క పలక మీద గిటార్ బాడీ ఆకారం గీసి కోసేశాం కదా. ఈరోజు దానికి నెక్ బిగిద్దాం. బోల్ట్-ఆన్ నెక్ అంటాం గానీ నిజానికి ఇందులో బోల్టూ లేదు, నట్టూ లేదు. నాలుగు చెక్క స్క్రూలు, వెనకాల ఒక ఇనుప ప్లేటు, అంతే.

ఈ పద్ధతిని ఎలక్ట్రిక్ గిటార్లలో బాగా నడిపించింది అమెరికాలో లియో ఫెండర్. కాలిఫోర్నియాలోని ఫుల్లర్టన్‌లో 1950లో ఆయన తెచ్చిన గిటార్ ఇలాంటిదే. తర్వాత దాని పేరే టెలికాస్టర్ అయింది. అప్పటిదాకా మంచి గిటార్ అంటే నెక్‌ని జిగురుతో అతికించాల్సిందే. ఈయన ఏం చేశాడంటే, నెక్ పాడైతే స్క్రూలు విప్పి ఇంకోటి పెట్టుకునేలా చేశాడు. మనలాంటి వాళ్లు ఇంట్లో గిటార్ చేసుకోగలుగుతున్నారంటే దాని పుణ్యమే. ఎడ్డీ వాన్ హేలెన్ 1970ల్లో 50 డాలర్ల బాడీ, 80 డాలర్ల నెక్ కొని తనే జోడించుకున్నాడు. ఆ గిటార్‌తోనే ప్రపంచమంతా తెలిశాడు.

ఆ రేట్లలో ఒక విషయం గమనించారా? బాడీ కంటే నెక్కే ఖరీదు. మనకీ అంతే. బాడీ పాడైతే ఇంకో పలక తెచ్చుకోవచ్చు. కానీ నెక్ అలా కాదు. పాకెట్ మనీ దాచి దాచి ఆన్‌లైన్‌లో తెప్పించుకుని ఉంటారు, దాని మీద డ్రిల్ తప్పుగా పడితే గుండె జారిపోతుంది. అందుకే ఇవాళ ఎక్కువ టైమ్ ఆ డ్రిల్లింగ్ మీదే పెడతాను. మిగతావి గబగబా చెప్పేస్తా.

ముందు పాకెట్. నెక్ కింది చివర, అంటే హీల్, కూర్చునే గుంత ఇది. ఫెండర్ తరహా నెక్‌కి హీల్ వెడల్పు మామూలుగా 56 ఎంఎం, మందం 25 ఎంఎం. గుంత లోతు 16 ఎంఎం. కానీ ఇంటర్నెట్‌లో దొరికిన డ్రాయింగ్ పట్టుకుని కోసేయకండి. చౌక నెక్‌లు ఒక్కోటి ఒక్కో రకంగా వస్తాయి. మీ చేతిలో ఉన్న నెక్‌నే కొలవండి. ఇంకా మంచి పద్ధతి, నెక్‌ని బాడీ సెంటర్ లైన్ మీద పెట్టి, దాని చుట్టూ తిన్నటి చెక్క పట్టీలు ఆనించి డబుల్ టేప్‌తో అతికించండి. నెక్ తీసేస్తే మిగిలిన ఖాళీయే మీ టెంప్లేట్. హీల్ కొంచెం ఏటవాలుగా సన్నబడుతుంది కదా, ఆ వాలు కూడా అందులో వచ్చేస్తుంది.

రౌటర్ ఉంటే ఒక్కసారికి 3 ఎంఎం మించి దింపకుండా ఆరు సార్లు తిప్పండి. లేకపోతే మీ వీధిలో కార్పెంటర్ దగ్గరికి వెళ్లండి. "ఆయన గిటారే చూసి ఉండడు కదా" అని చాలామంది మెసేజ్ పెడుతున్నారు. చూడక్కర్లేదండీ. తలుపులకి కీళ్లు కూర్చోబెట్టే మనిషికి 16 ఎంఎం గుంత ఒక లెక్కా? మీరు మాత్రం ఆయన చేతికి కాగితం ఇవ్వకండి, నెక్ ఇవ్వండి. "ఇది ఇందులో బిగువుగా కూర్చోవాలి, అడుగు సమతలంగా ఉండాలి బాబాయ్" అని చెప్తే చాలు, ఉలితోనే తీసి పెడతాడు.

బిగువు అంటే ఎంత? స్క్రూలు లేకుండానే నెక్ పట్టుకుని లేపితే బాడీ కూడా లేవాలని కొందరు అంటారు. చూడ్డానికి భలే ఉంటుంది, రీల్‌కి బాగా పనికొస్తుంది. నా ఉద్దేశంలో అది తప్పనిసరి కాదు. పక్కన కాగితం దూరేంత సందు ఉన్నా ఏం కాదు. పైగా మీరు ఇంకా పెయింట్ వేయలేదు. పెయింట్ మందం తోడై, ఆ బిగువులో నెక్‌ని బలవంతంగా తోస్తే పాకెట్ మూలల్లో పగుళ్లు వస్తాయి. అసలు ముఖ్యమైనది అడుగు. హీల్ కింద పెన్సిల్ బాగా రుద్ది, పాకెట్‌లో పెట్టి నొక్కి తీయండి. అడుగున నల్లటి మరక అన్నిచోట్లా పడిందంటే ఓకే. ఒక మూలే పడిందంటే అక్కడ ఎత్తుగా ఉన్నట్టు, ఉలితో కొంచెం గీకండి.

ఇప్పుడు తిన్నగా ఉందా లేదా చూడాలి. నెక్‌ని క్లాంప్‌తో పట్టించి, అడ్డ చెక్క పెట్టడం మర్చిపోవద్దు, నట్‌లో రెండు చివరి గాళ్ల నుంచి బ్రిడ్జి వచ్చే చోటు దాకా రెండు దారాలు లాగి కట్టండి. ఫ్రెట్‌బోర్డ్ అంచుకీ దారానికీ మధ్య సందు రెండువైపులా సమానంగా ఉండాలి. ఒకవైపు ఎక్కువ ఉంటే రేపు సన్నటి తీగ అంచు మీంచి జారిపోతుంటుంది. ఇంకో మాట, బ్రిడ్జికి ఇప్పుడే రంధ్రాలు వేయకండి. ముందు నెక్, తర్వాతే బ్రిడ్జి. నట్ నుంచి 12వ ఫ్రెట్‌కి ఎంతుందో, అక్కడి నుంచి బ్రిడ్జి శాడిల్‌కి అంతే ఉండాలి. 25.5 అంగుళాల స్కేల్ అయితే 324 ఎంఎం. నెక్ కూర్చున్నాకే ఆ కొలత నిజంగా తెలుస్తుంది.

సరే, డ్రిల్ దగ్గరికి వద్దాం. కెమెరా దగ్గరికి తెస్తున్నా చూడండి.

ముందు చిన్న లెక్క. నా బాడీ మందం 45 ఎంఎం. పాకెట్ 16 పోతే అడుగున మిగిలింది 29. ప్లేటు ఒక 2. నా దగ్గరున్న స్క్రూ పొడవు 45. 45లోంచి 31 తీసేస్తే 14 ఎంఎం నెక్‌లోకి వెళ్తుంది. నెక్ మందం 25, అంటే పైన ఇంకా 11 మిగిలింది. సేఫ్. ఇప్పుడు మీ బాడీ 38 ఎంఎం పలకతో చేశారనుకోండి. అడుగు 22, ప్లేటుతో 24. అదే స్క్రూ 21 ఎంఎం లోపలికి పోతుంది. పైన మిగిలేది నాలుగే ఎంఎం! ఫ్రెట్ల వేళ్లు పైనుంచి లోపలికి దిగి ఉంటాయి. డ్రిల్ ఇంకొంచెం జారిందా, ఫ్రెట్‌బోర్డ్ మీద నుంచి మొన బయటికొస్తుంది. అప్పుడు 38 ఎంఎం స్క్రూలు కొనుక్కోండి, పది రూపాయల్లో పోతుంది. ఈ లెక్క మీ బాడీకి మీరే వేసుకోవాలి, నా అంకెలు కాపీ కొట్టొద్దు.

బాడీలో రంధ్రాలు స్క్రూ కంటే కొంచెం పెద్దగా ఉండాలి. 4.2 ఎంఎం స్క్రూకి 4.5 లేదా 5 ఎంఎం బిట్. స్క్రూ బాడీలోంచి వేలితో తోస్తే జారిపోవాలి. ఎందుకంటే స్క్రూ మరలు బాడీనీ నెక్‌నీ రెండింటినీ కొరికితే ఆ రెండూ ఎప్పటికీ దగ్గరికి రావు. ఎంత తిప్పినా మధ్యలో ఆ సందు అలాగే ఉండిపోతుంది. చాలా ఇంటి గిటార్లలో నెక్ కదలడానికి కారణం ఇదే. జిగురు పోస్తే సరిపోతుందని ఎవరైనా చెప్తే వినకండి, పోశారంటే ఇక విప్పలేరు.

తర్వాత నెక్‌ని మళ్లీ క్లాంప్ చేసి, బాడీ రంధ్రాల్లోంచి అదే బిట్‌ని చేత్తో తిప్పి నెక్ మీద గుర్తు పెట్టండి. నెక్ బయటికి తీయండి. ఇప్పుడు 3 ఎంఎం బిట్. మొన నుంచి 14 ఎంఎం దగ్గర రంగు టేపు చుట్టండి. టేపు చెక్కను తాకగానే ఆపేయాలి. నెక్ కింద మెత్తటి గుడ్డ, డ్రిల్ నిటారుగా, పక్కన ఒక ఫ్రెండ్‌ని నిలబెట్టి వంగుతోందేమో చూడమనండి. మేపుల్ చాలా గట్టి చెక్క. రంధ్రం సన్నగా ఉంటే స్క్రూ తల విరిగి లోపలే ఉండిపోతుంది. కొవ్వొత్తి గానీ సబ్బు గానీ మరలకి రుద్దండి, వెన్నలా దిగుతుంది.

బిగించేటప్పుడు మెషిన్ వద్దు, చేతి స్క్రూడ్రైవర్ వాడండి. నాలుగూ కొంచెం కొంచెం, ఎదురెదురు మూలలు మార్చి మార్చి. ఆరు తీగలూ శ్రుతి చేసినప్పుడు నెక్ మీద పడే లాగుడు దాదాపు 45 కిలోలు. ఒక మనిషి వేలాడినట్టే. నాలుగు స్క్రూలు సరిగ్గా దిగితే హాయిగా మోస్తాయి.

తీగలు కట్టాక మరీ ఎత్తుగా ఉన్నాయి, శాడిల్స్ ఎంత దించినా తగ్గట్లేదు అంటే, పాకెట్ లోపలి చివర, బ్రిడ్జి వైపు, విజిటింగ్ కార్డు ముక్క ఒకటి పెట్టండి. పెద్ద కంపెనీల గిటార్లలో కూడా ఇలాంటి ముక్కలు దొరుకుతాయి, సిగ్గుపడాల్సిన పనేం లేదు.

ఒక రంధ్రం పక్కకి పోయిందా? పుట్టీ పెట్టకండి, మర పట్టదు. గట్టి చెక్క పుల్లని జిగురుతో దిగ్గొట్టి, ఒక రోజు ఆరనిచ్చి, సమంగా కోసి మళ్లీ డ్రిల్ చేయండి.

బ్రిడ్జి వచ్చే ఎపిసోడ్‌లో. ఈలోగా మీ బాడీ మందం, స్క్రూ పొడవు కామెంట్‌లో రాయండి, డ్రిల్ ఆన్ చేసేముందే రాయండి, లెక్క చూసి చెప్తా. ఉంటాను మరి.