రక్షకుడి కన్నా ముందు నిలబడ్డవాళ్లు



2024 జూన్‌లో ‘కల్కి 2898 ఏడీ’ వచ్చినప్పుడు, ఇవాళ పట్టాలు అందుకుంటున్న మీలో చాలామంది చూసే ఉంటారు. మన పురాణాన్ని దర్శకుడు నాగ్ అశ్విన్ సైన్స్ ఫిక్షన్‌గా మలిచారు. గంగ ఎండిపోయిన కాశీ, దాని నెత్తిన తలకిందుల పిరమిడ్‌లా కాంప్లెక్స్, ఎక్కడో దాగిన శంబల. ఒక్క సంగతి గమనించారా? సినిమా పేరు కల్కి, కానీ కల్కి ఇంకా పుట్టనే లేదు. తల్లి కడుపులోనే ఉన్నాడు. మరి కథను నడిపిందెవరు? బిడ్డను కాపాడుకోవడానికి కాంప్లెక్స్ నుంచి తప్పించుకున్న సుమతి. శాపగ్రస్తుడై వేల ఏళ్లు బతికి, ఆ తల్లికి అడ్డంగా నిలిచిన అశ్వత్థామ. ఆమె కోసం ప్రాణాలకు తెగించిన శంబల జనం.

ధర్మపురిలో గోదావరి ఒడ్డున కొలువైన నరసింహస్వామి కథ కూడా ఇంతే. స్తంభం చీల్చుకుని స్వామి వచ్చే ముందే ప్రహ్లాదుడు కన్నతండ్రి ఎదుట తన మాట మీద నిలబడ్డాడు. రక్షకుడు వస్తాడన్న భరోసా చేతులు కట్టుకుని కూర్చోవడానికి కాదు, అలా నిలబడడానికి.

విదేశీ టెలివిజన్ కూడా ఈ కథనే వెతుక్కుంది. 1993లో మొదలైన ‘స్టార్ ట్రెక్: డీప్ స్పేస్ నైన్’లో బజోర్ గ్రహ ప్రజలు అంతరిక్ష కేంద్రం అధికారి సిస్కోను దైవదూతగా కొలుస్తారు. మొదట్లో ఆయనకది ఇబ్బందే. అయినా అధికారిగా తన పని తాను చేసుకుపోతాడు. 2004 నాటి ‘బాటిల్‌స్టార్ గలాక్టికా’ సిరీస్ టైటిల్ సంగీతంలో మన గాయత్రీ మంత్రం వినిపిస్తుంది. ఆ సిరీస్ కథలోనే ఒక హెచ్చరిక కూడా ఉంది. మానవజాతి వినాశనానికి దారి తెరిచిన శాస్త్రవేత్త బాల్టార్ చుట్టూ చివరికి భక్తులు చేరతారు. ఆశపడ్డ జనం ఎవరినైనా దేవుణ్ణి చేసుకోగలరు.

అందుకే మీకు చెప్తున్నా. మీ బతుకు మొత్తం మేం చూసుకుంటామని నాయకులొస్తారు, ఏజెంట్లొస్తారు, అన్నీ తెలిసినట్టు జవాబిచ్చే యంత్రాలూ వస్తాయి. ఎవరొచ్చినా ముందు ప్రశ్న అడగండి. మిమ్మల్ని ఇక్కడిదాకా తెచ్చింది ఏ అవతారపురుషుడూ కాదు. బీడీలు చుట్టిన అమ్మ, మరమగ్గం మీద రాత్రి షిఫ్టు చేసిన నాయిన, గల్ఫ్‌ల ఎండకు ఓర్చిన అన్న.

ఇప్పుడు వంతు మీది. గల్ఫ్‌కు పోయే మనిషి ఒప్పంద పత్రం పట్టుకొస్తే జీతం ఎంత రాశారో, పని గంటలు ఎన్నో చదివి చెప్పండి. సంతకం పెట్టొద్దనిపిస్తే ధైర్యంగా వద్దనండి. ఆ ఇంటికి ఆ రోజు అదే రక్షణ. మీ చదువుకు అంతకన్నా పెద్ద గౌరవం లేదు.