పాతాళ రైల్లో దారి



మన ఇంటికి ఎవరైనా దారి అడిగితే ఎలా చెబుతాం? "రామాలయం దాటాక కుడిచేతి వైపు తిరగండి, పిండిమర వస్తుంది, దాని పక్క సందులో వేపచెట్టున్న ఇల్లు" అంటాం. అవతలివాళ్ళు కూడా ఇట్టే వచ్చేస్తారు. కాని భూమి కింద నడిచే రైలెక్కడానికి మెట్లు దిగామంటే ఈ గుర్తులు ఒక్కటీ పనికిరావు. అక్కడ వేపచెట్టు లేదు, గుడి గోపురం లేదు. తూర్పేదో చెప్పడానికి సూర్యుడు కూడా లేడు. ఎటు చూసినా దీపాలూ, నున్నటి గోడలూ, పరుగెత్తే జనం. పెద్ద చదువులు చదివినవాళ్ళే మొదటిసారి తెల్లమొహం వేస్తారు. మనలాంటివాళ్ళం భయపడి, "ఆదివారం ఎవరో ఒకరు తీసుకెళ్తారులే" అని ఇంట్లో కూచుంటాం. ఆ ఆదివారం ఎప్పుడొస్తుందో మీకూ తెలుసు, నాకూ తెలుసు.

ఇవాళ ఢిల్లీ మెట్రో గురించి చెబుతాను. మన దేశంలో భూమి కింద మొదటి రైలు 1984లో కలకత్తాలో నడిచింది. హైదరాబాదు మెట్రో 2017 నవంబరులో వచ్చింది గాని అదంతా స్తంభాల మీదే. కిటికీలోంచి చూస్తుంటే ఊరు కనబడుతూనే వుంటుంది, కనక అంత కంగారు లేదు. ఢిల్లీలో మెట్రో 2002 డిసెంబరులో మొదలైంది, 2004 డిసెంబరు నుంచి భూమి కింద కూడా నడుస్తున్నది. దాన్ని కట్టించిన ఇంజనీరు శ్రీధరన్‌గారు కేరళ ఆయనే అయినా ఇంజనీరింగు చదివింది మన కాకినాడలో. ఆ మాట తలుచుకుంటే నాకు అదో ధైర్యం. పిల్లల ఉద్యోగాలకనీ, చదువులకనీ, పెద్దాస్పత్రికనీ ఢిల్లీ వెళ్ళని తెలుగు కుటుంబం ఇప్పుడు ఎక్కడుంది?

స్టేషన్లో గోడకి ఒక పటం వుంటుంది. అది చూసి బెదరకండి. అది మన ముగ్గే. చుక్కలు స్టేషన్లు, గీతలు రైలు దారులు. ఒక్కొక్క గీతకి ఒక్కొక్క రంగు: పసుపు, నీలం, ఎరుపు, ఊదా, గులాబి, ఇలాగ. రెండు గీతలు కలిసే చుక్క దగ్గర రైలు మారవచ్చు. పెరట్లో ముగ్గు వేసే చెయ్యికి ఈ పటం అర్థం కాకపోవడమేమిటి! కాకపోతే ఒక్క మాట. పటం మీద దూరాలు నిజం దూరాలు కావు. జనపథ్ స్టేషను ఊదా గీత మీద వుంది, రాజీవ్ చౌక్ పసుపు, నీలం గీతలు కలిసేచోట వుంది. పటం చూసి రైల్లో వెళితే మధ్యలో ఒకచోట దిగి మారాలి. పైకొచ్చి రోడ్డు మీద నడిస్తే కాసేపట్లో చేరతాం. ముగ్గు అందానికి చుక్కలు సర్దినట్టే, పటం గీసేవాళ్ళు కూడా చదవడానికి వీలుగా సర్దుతారు.

రంగు తెలిస్తే సగం పనే అయింది. రెండో సగం, ఏ వైపు వెళ్ళే రైలు అన్నది. ఇక్కడే చాలామంది చిక్కుపడతారు. ప్లాట్‌ఫారం మీద మనం దిగే ఊరి పేరు రాసి వుండదు, ఆ గీత చివరనున్న స్టేషను పేరు వుంటుంది. పసుపు గీతకి ఒక కొస సమయ్‌పూర్ బాద్లీ, రెండో కొస గురుగ్రామ్‌లోని మిలీనియం సిటీ సెంటర్. మనం దిగవలసింది ఏ కొస వైపుందో ఇంట్లోనే చూసుకుని బయలుదేరాలి. నీలం గీతతో ఇంకొంచెం జాగ్రత్త. ద్వారకా వైపు నుంచి వచ్చే ఆ గీత యమునా బ్యాంక్ స్టేషను దగ్గర రెండుగా చీలుతుంది, ఒక పాయ నోయిడాకి, ఒక పాయ వైశాలికి. యమున దాటి వెళ్ళేవాళ్ళు రైలు ముందున్న పేరు చదవకుండా ఎక్కకూడదు.

మగవాళ్ళు దారి చెప్పే పద్ధతి నాకు నచ్చదు. "రాజీవ్ చౌక్‌లో మారిపో" అంటారు. మారడమంటే ఏమిటో చెప్పరు. ఒక రైలు దిగాక బయటికి పోకూడదు, టికెట్టు పెట్టే గేటు దాటకూడదు, మళ్ళీ టికెట్టు కొననక్కర్లేదు. లోపలే మెట్లెక్కో దిగో రెండో గీత ప్లాట్‌ఫారానికి చేరాలి. రాజీవ్ చౌక్‌లో అందుకోసం నేల మీద రంగు రంగుల పాదాల గుర్తులు వేశారు. అష్టమినాడు కృష్ణుడి పాదాలు వేస్తాం చూడండి, అలాగే! పసుపు పాదాల వెంట వెళితే పసుపు గీత. అక్కడికి చేరాక మళ్ళీ కొస స్టేషను పేరు చూసుకుని నిలబడాలి.

కిందటేడు మా ఆడపడుచు భర్తకి ఎయిమ్స్‌లో ఆపరేషనైంది. ఆవిడ ద్వారకాలో బంధువులింట్లో వుంది. ఆస్పత్రిలో కొడుకు రాత్రీ పగలూ కాపలా, వాడికి క్యారియర్ అందాలి. మొదటి రెండు రోజులూ ఆ ఇంటాయన కారులో దింపాడు. మూడోరోజు ఆయనకి ఆఫీసు. "రోజూ ఎవరినని అడుగుతాను వదినా, సిగ్గుగా వుంది" అని ఫోనులో ఏడ్చింది. ఆవిడకి హిందీ రాదు, ఇంగ్లీషు కూడబలుక్కుని చదువుతుంది. ఆ ఇంట్లో ఎనిమిదో క్లాసు చదివే పిల్ల క్యాలెండరు కాగితం వెనకాల తెలుగులో రాసిచ్చింది: నీలం ఎక్కు, రాజీవ్ చౌక్‌లో దిగు, పసుపు పాదాలు, గురుగ్రామ్ వైపు రైలు, ఏడో స్టేషను ఎయిమ్స్. తిరిగి రావడానికి రెండో వైపు: పసుపు, సమయ్‌పూర్ బాద్లీ పేరున్న రైలు, రాజీవ్ చౌక్, నీలం పాదాలు, ద్వారకా పేరున్న రైలు. అంతే. పోయేటప్పుడు నోయిడా రైలైనా, వైశాలి రైలైనా ఒకటే, రాజీవ్ చౌక్ రెండింటికీ ముందే వస్తుంది కనక. ఆ చీటీ కొంగున ముడేసుకుని, ప్రదక్షిణాలు లెక్కపెట్టినట్టు వేళ్ళ మీద స్టేషన్లు లెక్కపెట్టుకుంటూ పంతొమ్మిది రోజులు ఒక్కతీ తిరిగింది. మధ్యలో ఎవరో జనక్‌పురి వెస్ట్‌లో మారి, హౌజ్ ఖాస్‌లో మళ్ళీ మారితే రాజీవ్ చౌక్ రద్దీ తప్పుతుందని చెప్పారట. "ఒక్క మార్పే నాకు హాయి" అని తన దారే పట్టుకుంది. ఆవిడ చేసింది సరైన పనే అంటాను. కొత్తవాళ్ళకి తక్కువ మార్పులున్న దారే మంచి దారి.

రైలెక్కాక చెవి అప్పగించండి. నేను రేడియోలో మాట్లాడేదాన్ని గనక నా ధ్యాస గొంతుల మీదే వుంటుంది. ఢిల్లీ మెట్రోలో హిందీ ప్రకటన షమ్మీ నారంగ్‌గారి గొంతు, ఇంగ్లీషు ప్రకటన రిణీ సైమన్ ఖన్నాగారిది. ఇద్దరూ ఒకప్పుడు దూరదర్శన్‌లో వార్తలు చదివినవాళ్ళే. తొందరపడరు, నసగరు. "అగ్లా స్టేషన్" అన్న తరవాత వచ్చేది రాబోయే స్టేషను పేరు. "బాయీ" అంటే తలుపులు ఎడమవైపు తెరుచుకుంటాయి, "దాయీ" అంటే కుడివైపు. ఈ మూడు మాటలొస్తే హిందీ చాలు. స్టేషను దాటిపోయిందా, గాభరా వద్దు. తరవాతిదాంట్లో దిగి ఎదురు దిక్కు రైలెక్కి వెనక్కి రండి.

రైలు ఏ దిక్కుకి పోతుందో ఆ దిక్కున మొట్టమొదటి పెట్టె ఆడవాళ్ళకి. 2010 నుంచి ఈ ఏర్పాటు వుంది. అది ఆగేచోట ప్లాట్‌ఫారం మీద గులాబి రంగు గుర్తు కనబడుతుంది. సోదా చేసేచోట కూడా మనకి వేరే వరస, తెర చాటున ఆడ ఉద్యోగులే చూస్తారు. సంచీ, క్యారియర్ యంత్రంలో పెట్టి పంపాలి. మనవాళ్ళకి అలవాటు గనక చెబుతున్నాను, సీటు దొరకలేదని రైల్లో నేల మీద చతికిలబడకండి, జరిమానా వేస్తారు. టికెట్టు ఒకప్పుడు గుండ్రటి ప్లాస్టిక్ బిళ్ళ, ఇప్పుడు క్యూఆర్ గుర్తున్న కాగితం. పది రోజులుండేవాళ్ళు కార్డు కొనుక్కుంటే వరసలో నిలబడే బాధ వుండదు.

ఒక్క విషయం మాత్రం నవ్వుతూ చెప్పలేను. 2023 డిసెంబరులో ఇందర్‌లోక్ స్టేషన్లో ఒకామె బట్టలు రైలు తలుపులో చిక్కుకుని ప్రాణం పోయింది. తలుపులు మూసుకోబోయేముందు శబ్దం వస్తుంది. అది వినబడ్డాక ఎక్కాలని చూడవద్దు, దిగాలనీ చూడవద్దు. ఇంకో రైలు నిమిషాల్లో వస్తుంది. పమిట నడుముకి దోపుకోండి, పాకే మెట్ల మీద కుచ్చిళ్ళు చేత్తో పట్టుకోండి. పిల్లలుంటే వాళ్ళని ముందు ఎక్కించి మనం తరవాత కాదు, చెయ్యి పట్టుకుని కలిసే ఎక్కాలి.

దిగాక కూడా పని పూర్తి కాదు. బయటికి పోయే గేట్లకి నెంబర్లుంటాయి. ఎయిమ్స్ స్టేషన్లో ఒక గేటు ఎయిమ్స్ వైపు తేలుస్తుంది, ఇంకో గేటు రోడ్డుకవతల సఫ్దర్‌జంగ్ ఆస్పత్రి వైపు. ఆ రోడ్డు మండుటెండలో దాటడం మాటలు కాదు. ఏ గేటు దేనికో బోర్డు మీద రాసి వుంటుంది, ఒక నిమిషం ఆగి చదివి మరీ కదలండి. పేర్లతోనూ జాగ్రత్త. ఊళ్ళో అందరూ కన్నాట్ ప్లేస్ అనేది స్టేషన్లో రాజీవ్ చౌక్. ప్రగతి మైదాన్ అన్న స్టేషను ఇప్పుడు సుప్రీం కోర్టు అయింది. పాత పేరు చెప్పి అడిగితే కుర్రవాళ్ళు తెలియదంటారు.

మన తెలంగాణా ఎక్స్‌ప్రెస్‌లో వెళ్ళేవాళ్ళు న్యూఢిల్లీలో దిగుతారు. మొదటి ప్లాట్‌ఫారం వైపు, అంటే పహార్‌గంజ్ వైపు, వెళ్ళకండి. రెండో కొసన అజ్మేరీ గేట్ వైపు నడిస్తే మెట్రో స్టేషను అక్కడే వుంది. పసుపు గీత. గురుగ్రామ్ వైపు ఎక్కితే మొదటి స్టేషనే రాజీవ్ చౌక్. దక్షిణ్ ఎక్స్‌ప్రెస్‌లో వెళితే దిగేది నిజాముద్దీన్, అక్కడ గులాబి గీత. టికెట్టు బుక్ చేయించేటప్పుడే మీ రైలు ఏ స్టేషనుకి పోతుందో అడిగి చీటీ మీద రాసుకోండి.

సెలవు.