సమాధుల తోటలో తీతువు



ఈస్టర్ తెల్లవారుజామున కొవ్వొత్తులతో వెళ్లుటకు ముందు మనము సమాధుల తోటను శుభ్రపరచుదుము. శుభ్రమనగా మనకు ఎండుగడ్డికి నిప్పు పెట్టుటే. ఒక ఏడు ఆ నిప్పు పెట్టించినవాడను నేనే. మా అమ్మగారి సమాధి ప్రక్కన, గులకరాళ్ల నడుమ, నాలుగు గుడ్లు మసిబారి కనబడెను. తీతువు గుడ్లు. అపశకునమని మనలో కొందరు ఇంకను భయపడు పిట్టయే! వేసవిలో అది నేలమీదనే గుడ్లు పెట్టును.

జిల్లేడును కూడ పీకవద్దు. దాని ఆకులు తిను గొంగళిపురుగులే నారింజరంగు సీతాకోకచిలుకలగును.

ఇకమీదట వానలు తగ్గి విత్తనము రాలిన పిమ్మట గడ్డి కోసి, పశువులున్న కుటుంబములకిత్తము. ఈస్టరుకు దారులును, సమాధుల చుట్టును మాత్రము బాగుచేయుదము. శనివారము కొడవళ్లు తెండి; అగ్గిపెట్టె ఇంటనే యుంచుడి.